కోటు గుండీ మీద పగడం

ఆవిడని ఆ వీధిలో అందరూ గుండీలావిడ అంటారు. ఎదురుగా అనరు. ఎదురుగా అంటే విని ఊరుకునే మనిషి కాదు.

చొక్కాలు కుట్టే కార్ఖానాలో ముప్ఫై ఎనిమిదేళ్ళు గుండీలు కుట్టింది. కాలర్లు ఎవరో తిప్పేవాళ్ళు, కాజాలు ఇంకెవరో వేసేవాళ్ళు, గుండీ మాత్రం ఆవిడది. నాలుగు కన్నాల గుండీకి దారం ఎన్ని చుట్లు పడాలి, కింద కాడ ఎంత లేపాలి, ముడి ఎక్కడ దాచాలి అన్నది ఆవిడ వేళ్ళకి తెలిసినట్టుగా ఆ కార్ఖానా యజమానికి తన పిల్లల వయసులు కూడా తెలిసుండవు. చొక్కా చిరిగి పీలికలైనా ఆవిడ కుట్టిన గుండీ ఊడదని పేరు.

అలాంటావిడ ఒకరోజు మెళ్ళో కత్తెర తాడు అలాగే ఉండగా, గుండీల డబ్బా సంకలో పెట్టుకుని మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేసింది. అడిగినవాళ్ళకి, "బుద్ధి పుట్టింది, మానేశాను. మీకేమన్నా ఇబ్బందా?" అని జవాబు చెప్పింది. ఆ తరవాత ఎవరూ అడగలేదు.

అసలు జరిగింది వేరు. ఆ నెలలో ఆవిడ కుట్టిన వరసల్లో గుండీలు ఒకటి అటూ ఒకటి ఇటూ పోయాయి. అజమాయిషీ చేసే మనిషి ఒక చొక్కా తెచ్చి బల్ల మీద పరిచి, ఏమీ అనకుండా నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేది. ఆవిడ చొక్కాకేసి ఎంతసేపు చూసినా వంకర ఎక్కడుందో కనపడలేదు. ఆ మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆపరేషన్‌తో పోయేది కాదనీ, ఇంకా ముదరకుండా మాత్రలు వేసుకోమనీ చెప్పాడాయన. సూటిగా చూస్తే నడిమధ్య మసక, ఓరగా చూస్తే కాస్త తేట. అరవై ఆరేళ్ళ వయసులో ఓరచూపులు చూసే యోగం పట్టింది. ఆ మాత్రల సీసాని దారపు ఉండల అడుగున దాచింది. ఇంట్లో ఉన్న ఒక్క మనిషికీ చెప్పలేదు.

ఆ ఒక్క మనిషీ ఆవిడ ఆడబిడ్డ. ఆడబిడ్డకి అరవై దాటినా గుండీలావిడ నోటికి "పిల్లా" అనే అలవాటు. ఆడబిడ్డ పళ్ళ డాక్టరు దగ్గర ముప్ఫై ఏళ్ళు ఆయాగా చేసింది. పనిముట్లు ఉడకబెట్టడం, అడిగింది అందించడం, డాక్టరు పని చేస్తున్నంతసేపూ నోట్లోకి దీపం పట్టుకుని నిలబడటం. పెళ్ళెందుకు చేసుకోలేదంటే, "ఇన్ని నోళ్ళలోకి చూశాక ఒక్క నోరు చూస్తూ బతకాలనిపించలేదు," అనేది. ఇద్దరికీ మధ్యనున్న మనిషి, ఒకరికి మొగుడూ ఇంకొకరికి అన్నా అయినవాడు, కాలం చేసి తొమ్మిదేళ్ళయింది. పోట్లాడుకోడానికి ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి ఆ రెండు గదుల మేడమీద వాటాలో ఇద్దరూ ఒకరినొకరు జాగ్రత్తగా చూసుకుంటున్నారు.

కార్ఖానా మానేసిన రెండు నెలలకి గుండీలావిడకి దవడ పన్ను పీకించాల్సొచ్చింది. ఆడబిడ్డని తోడు తీసుకుని, ఆవిడ పనిచేసిన పళ్ళ డాక్టరు దగ్గరికే వెళ్ళింది. అక్కడ కూర్చునే గదిలో, మూలన, ఒక గాజు తొట్టె ఉంది. పెద్ద ట్రంకుపెట్టె అంత ఉంటుందేమో. అందులో చేపలు చచ్చిపోయి చాలా కాలమైంది. రెండు నత్తలూ, ఒక రాయీ, పైన నీలంగా వెలిగే దీపం. పన్ను నొప్పితో దవడ పట్టుకుని ఊరికే అటు తిరిగిందావిడ. తిరిగి, దవడ సంగతే మర్చిపోయింది.

ఆ రాయి నిండా గుండీలున్నాయి. చొక్కా గుండీ అంతంతవి, నారింజ రంగు మధ్య, ఆకుపచ్చ అంచు, అంచు చుట్టూ సన్నని కుచ్చు. నీలం దీపం కింద నిప్పుకణికల్లా మండుతున్నాయి. రెండు నెలలుగా ఆవిడ కళ్ళకి ఏ రంగూ అంత తేటగా ఆనలేదు. నత్త ఒకటి పాక్కుంటూ వెళ్ళి తగిలితే, దాని దారిలో ఉన్న గుండీలన్నీ చటుక్కున మూసుకున్నాయి. అది దాటిపోయాక ఒక్కొక్కటే మళ్ళీ విచ్చుకున్నాయి.

"పిల్లా, ఇవేంటే?" అని ఆడబిడ్డని కేకేసింది.

"అవా? సముద్రంలో పగడాల జాతివి వదినా. జోవాలంటారట. డాక్టరుగారు తొట్టె తీసేయించి ఇక్కడ ఇంకో కుర్చీ వేయిస్తారట."

"తీసేసి?"

"ఏమో. పారేస్తారు."

గుండీలావిడ పన్ను పీకించుకుని, నోట్లో దూది పెట్టుకునే డాక్టరుగారితో బేరం మాట్లాడేసింది. దూదివల్ల ఆయనకి సగం మాటలే అర్థమయ్యాయి గానీ, పారేసే వస్తువు కాబట్టి ఆ సగం చాలింది.

తొట్టెని మోయించుకుని మేడమీదికి తెచ్చినవాడు చేపలాయన. చేపలు, తొట్టెలు అమ్మే కొట్టు అతనిది. డాక్టరు దగ్గర తొట్టె చూసుకున్నదీ అతనే. యాభై ఏళ్ళుంటాయి, మాటలో తొందర. తొట్టెని కిటికీకి దూరంగా పెట్టించి, రెండు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు దించి, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు. ఇందులో ఉప్పు కలిపిన నీళ్ళు, ఇందులో ఒట్టి ఫిల్టరు నీళ్ళు, వారానికోసారి కొంచెం తీసి కొంచెం కొత్తది పొయ్యాలి, నీళ్ళు తగ్గితే ఎప్పటికప్పుడు నింపాలి, ఇదిగో ఉప్పు ఎంతుందో చూపించే ఈ చిన్న పెట్టెలో నీళ్ళు పడితే ముల్లు లేస్తుంది, ముల్లు ఈ రెండు గీతల మధ్యే ఉండాలి.

చెప్పి, గుండీలావిడని ఎగాదిగా చూశాడు. "పెద్దమ్మా, కోప్పడకండి. ఇవి పూలకుండీలు కావు. నెల తిరక్కుండా చంపేస్తారు. నాకిచ్చెయ్యండి, బతికిపోతాయి."

"అలాగా నాయనా! ముప్ఫైయొకటో రోజున రా. టీ తాగి, చూసి పోదువుగాని."

ఆ క్షణం నుంచీ ఆవిడ పట్టుదల ముందు సముద్రం కూడా దిగదుడుపే. తొట్టె చుట్టూ, నీళ్ళు ఉండాల్సిన ఎత్తుకి, ఎర్రదారం బిగించి కట్టింది. నీళ్ళ మట్టం కనపడకపోయినా దారం వేలికి తగులుతుంది. రోజూ పొద్దున్నే నీళ్ళు దారానికి ఎంత కిందికి దిగాయో తడిమి చూసుకుని, అంత మేరా నింపేది. నూలుపోగంత తేడా రానిచ్చేది కాదు. ముల్లు పెట్టెలో కూడా నీళ్ళు పట్టి, దీపం దగ్గర పెట్టి, ఓరగా చూసేది. ముల్లు ఉన్నట్టే ఉండేది. గీతలు చీమకాళ్ళంత ఉన్నాయి. చదివి పెట్టమని ఆడబిడ్డనడిగితే "నీకేమైంది?" అంటుంది. ఎందుకొచ్చిన గొడవ?

ముప్ఫైయొకటో రోజున చేపలాయన నిజంగానే వచ్చాడు. గుండీలన్నీ విచ్చుకుని ఉన్నాయి. కొత్తవి నాలుగు కూడా పుట్టాయి, కందిగింజంతేసి. అతను వంగి చూసి, నోరెళ్ళబెట్టి, టీ తీసుకున్నాడు.

"చక్కెర సరిపోయిందా?" అంది గుండీలావిడ, మహా అమాయకంగా.

"సరిపోయింది పెద్దమ్మా. ముల్లు చూస్తున్నారు కదా?"

"చూడకేం! రోజూ చూస్తున్నా."

చూస్తూనే ఉంది మరి. అబద్ధమేముంది అందులో?

ఇంకో రెండు వారాలకి, రాయికి ఎడమ పక్కన గుండీలు విచ్చుకోవడం మానేశాయి. "నిద్రపోతున్నాయి," అంది. మూడు రోజులకి రాయంతా మూసుకుంది. ఆ తరవాత ఎడమ పక్కన చర్మంలాంటిది బూడిదరంగుకి తిరిగి, నానిన కాగితంలా విడిపోవడం మొదలైంది. గుండీలావిడ కుర్చీ లాక్కుని తొట్టె ముందే కూర్చుంది. తిండి దగ్గర కూడా అటే చూపు. రోజూ దారం దాకా నింపుతోంది, కొలత తప్పలేదు, చెయ్యి తప్పలేదు. ఇంక ఎక్కడ తప్పుతోంది? ఉన్న ఊడిగం పోయి, ఈ నాలుగు రంగులే మిగిలాయనుకుంటే ఇవి కూడానా?

ఆడబిడ్డ గుడ్డ పట్టుకుని తొట్టె మూత తుడుస్తూ ఆగింది. మూత అంచుల నిండా తెల్లగా పేరుకుని ఉంది.

"వదినా, ఇది మా పనిముట్లు ఉడకబెట్టే గిన్నెకి పట్టేదే. నీళ్ళు ఇగిరిపోయేవి, అందులో ఉన్న సున్నం మాత్రం గిన్నెకే ఉండిపోయేది. అందుకే డాక్టరుగారు అందులో ఫిల్టరు నీళ్ళు తప్ప పొయ్యనిచ్చేవారు కాదు. నువ్వు రోజూ ఏ డబ్బాలోవి పోస్తున్నావు?"

"ఉప్పువే. సముద్రంలో పుట్టినవాటికి ఒట్టి నీళ్ళు పోసి చంపమంటావా?"

"ఇగిరిపోయేది నీళ్ళే కదా! ఉప్పు ఎక్కడికి పోతుంది? ఉన్నదానిమీద రోజూ ఇంకాస్త ఉప్పు పోస్తున్నావు. ముల్లు ఎక్కడుంది?"

"ఉన్నచోటే ఉంది."

ఆడబిడ్డ పెట్టె ముంచి, పైకెత్తి చూసింది. "వదినా, ముల్లు గీతలన్నీ దాటేసి పై గోడకి ఆనుకుంది."

గుండీలావిడ ఎర్రదారం మీద వేలు పోనిచ్చి, నీళ్ళు దాని దాకా ఉన్నాయో లేదో చూసుకుంది.

"నీకు కనపడ్డం లేదు కదూ."

"ఎవరు చెప్పారు?"

"దారపు ఉండల కింద మాత్రల సీసా ఎవరిదనుకున్నావు, నాదా? మూడు నెలల నుంచీ చూస్తున్నా. నువ్వే చెప్తావని కూర్చున్నా. నీ బింకం మండా, వీటి ప్రాణం మీదికి తెచ్చావు!"

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే ఆవిడ నోటికి బలైపోయేవాళ్ళే. గుండీలావిడ మాత్రం లేచి, కాళ్ళకి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"చేపలాయన దగ్గరికి. టీ తాగించానుగా, వెటకారం కూడా తాగొస్తా."

చేపలాయన వెటకారం చెయ్యలేదు. కొట్టు మూసి వెంటనే వచ్చాడు. అదే ఆవిడకి ఎక్కువ బాధగా ఉంది. నీళ్ళు చూసి తల పట్టుకున్నాడు. "ఒక్కసారిగా తగ్గిస్తే ఆ దెబ్బకే పోతాయి. రోజూ మూడు చెంబులు తీసి, మూడు చెంబులు ఒట్టి నీళ్ళు పొయ్యండి. అయిదారు రోజులు పడుతుంది. కుళ్ళిన వైపు నుంచి మంచివాటిని కోసి వేరు చెయ్యాలి, లేకపోతే అది అన్నిటికీ పాకుతుంది. నేను కోసిపెట్టనా?"

"నా గుండీలు ఇంకొకళ్ళు కుట్టిన రోజు లేదు నాయనా. ఎలా కొయ్యాలో చెప్పు, చాలు."

చెప్పాడు. గుండీని కొయ్యకూడదు, గుండీకీ గుండీకీ మధ్య చర్మాన్ని కొయ్యాలి. బ్లేడు రాతిని గీసుకుంటూ కిందనుంచి పోవాలి. కోసిన ముక్కని చిన్న బిళ్ళ మీద జిగురుతో అతికించాలి. "ఇంకో మాట. వీటిలో విషం ఉంటుంది. చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు లేకుండా ముట్టుకోకండి. కోసిన చేత్తో కళ్ళు నలపొద్దు, నోట్లో పెట్టొద్దు. మిగిలిన రాయిని ఉడకబెట్టి శుభ్రం చేద్దామని మాత్రం అస్సలు అనుకోకండి. ఆ ఆవిరి పీలిస్తే ఆసుపత్రే."

అప్పటికే పెద్ద గిన్నె కోసం వంటింట్లోకి వెళ్ళబోతున్న ఆడబిడ్డ గుమ్మంలో ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడకి తెలిసిన వైద్యం అదొక్కటే మరి.

ఉప్పు దిగడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ ముల్లు చూసింది ఆడబిడ్డ, చెంబు పట్టింది గుండీలావిడ. ఏడో రోజు పొద్దున్నే బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ పరిచి, పళ్లెంలో తొట్టె నీళ్ళు పోసి, రాయిని అందులోకి దించారు. నలభై పైచిలుకు గుండీల్లో గట్టిగా మిగిలినవి తొమ్మిది. ఆడబిడ్డ తన క్లినిక్ సంచీలోంచి రబ్బరు తొడుగులూ, కంటద్దాలూ తీసింది.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒట్టి చేత్తో కుట్టా. ఈ తోలు తొడుక్కుంటే వేళ్ళు మొద్దుబారవూ?"

"వేసుకో. సూది గుచ్చుకుని జల్లెడైపోయిన వేళ్ళవి. విషం దూరడానికి తలుపు కూడా తట్టక్కర్లేదు."

వేసుకుంది. ఆడబిడ్డ పక్కన నిలబడి, చేతిదీపం ఎత్తి, వెలుగు సరిగ్గా బ్లేడు మొన మీద పడేలా పట్టింది. ముప్ఫై ఏళ్ళు నోళ్ళలోకి దీపం పట్టిన చెయ్యి అది.

"ఎక్కడున్నా?"

"గుండీ మీదే ఉన్నావు. కుడికి జరుగు. ఇంకా. పోగంత వెనక్కి. ఆఁ, అక్కడే."

బ్లేడు దిగింది. చర్మం తడి తోలులా సాగి, తెగింది. చెయ్యి ఎంత లోతుకి పోవాలో, ఎక్కడ ఆగాలో ఆవిడకి కళ్ళతో పని లేకుండానే తెలిసింది. దారి చెప్పే మనిషి ఉంటే చాలు. మూడు మూడు చొప్పున మూడు ముక్కలు వేరుపడ్డాయి. ఒక్క గుండీ నలగలేదు.

"డాక్టరుగారు కూడా ఇంత శుభ్రంగా కొయ్యరు," అంది ఆడబిడ్డ.

"ఆయనకి నొప్పని అరిచే జనం కదా. ఇవి నోరు మూసుకున్నాయి."

కోతతో కష్టం తీరిందనుకుంటే జిగురు దగ్గర మొదలైంది. ముక్కల నిండా జిగట. బిళ్ళ మీద పెట్టి అతికించి నీళ్ళలోకి దించితే, జిగురు బిళ్ళకే ఉండిపోయి ముక్క తేలిపోయింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నాలుగోసారికి గుండీలావిడకి ముక్కు మీదికి కోపం వచ్చింది.

"జిగురేంటే జిగురు! గుండీని ఎక్కడన్నా జిగురుతో అతికిస్తారా? ఆ డబ్బా అందుకో."

డబ్బా అడుగున, కార్ఖానాలో ఒక చలికాలం కోట్లు కుట్టినప్పుడు మిగిలిపోయిన పెద్ద గుండీలున్నాయి. ఇనుము లేని ఒట్టి ప్లాస్టిక్‌వి, నాలుగేసి కన్నాలవి. మూడింటిని ఏరి, కడిగించింది. ముక్కని కోటు గుండీ మీద కూర్చోబెట్టి, నైలాన్ దారం అడుగు కన్నంలోంచి తెచ్చి, మూడు పగడపు గుండీల నడుమ చర్మం మీదుగా మెత్తగా వేసి, ఎదుటి కన్నంలోకి దించింది. చర్మాన్ని గుచ్చలేదు, పైనుంచి పట్టి ఉంచిందంతే. సూదికి కన్నం చూపించింది ఆడబిడ్డ. బిగువు ఎంతుండాలో చూసుకున్నది గుండీలావిడ వేళ్ళు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. కింద ముడి వేసి, ముప్ఫై ఎనిమిదేళ్ళ అలవాటు ప్రకారం, దారం కొరకడానికి వంగింది.

"నోట్లో పెట్టకూ!" అని ఆడబిడ్డ పెట్టిన కేకకి కింద వాటావాళ్ళు కిటికీ తెరిచారు.

గుండీలావిడ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. పంటికి వేలెడు దూరంలో ఉంది దారం. మెల్లిగా నోరు మూసి, మెళ్ళో తాడుకి వేలాడుతున్న కత్తెర తీసి, దారం కత్తిరించింది.

"ఇన్నాళ్ళూ ఈ కత్తెర మెళ్ళో ఎందుకు వేసుకున్నట్టో," అంది ఆడబిడ్డ, గుండె చిక్కబట్టుకుని.

"నగ అనుకున్నా," అంది గుండీలావిడ.

మూడు కోటు గుండీలనీ తొట్టెలో, దీపం కింద, వరసగా పెట్టారు. చచ్చిన రాయిని మూటగట్టి, చేపలాయన చెప్పినట్టు సీలు వేసి పంపించేశారు. ఇక చెయ్యాల్సిందల్లా చూడటం. చూడటమే ఆవిడకి చేతకానిది. అందుకని రోజూ పొద్దున్న తొట్టె మీద దీపం వెలగగానే, "ఏమన్నా ఉందా?" అని అడిగేది. ఆడబిడ్డ "లేదు వదినా," అనేది. నాలుగో రోజుకి మూడింటిలో ఒక ముక్క కరిగిపోయింది. దాన్ని తీసేస్తూ ఆడబిడ్డ చెప్పాలా వద్దా అని తటపటాయిస్తుంటే, "చెప్పు. దాపరికాల వల్లే ఇంతదాకా వచ్చింది," అంది గుండీలావిడ.

తొమ్మిదో రోజు ఆవిడ అడగలేదు. ఆడబిడ్డ స్నానానికి వెళ్ళింది. కుర్చీలో కూర్చుని, మొహం పక్కకి తిప్పి, ఓరగా చూసింది. మసకలో ఒక నారింజ చుక్క. కళ్ళు మూసి తెరిచింది. చుక్క అక్కడే ఉంది. దాని పక్కన ఇంకోటి, సగం విప్పుకుని.

"పిల్లా! స్నానం తరవాత చేద్దువుగాని, ఇలా రా!"

తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చి, వంగి చూసి, ఆడబిడ్డ లెక్కపెట్టింది. "రెండు... కాదు, మూడు. ఈ గుండీ మీద మూడూ విచ్చుకున్నాయి వదినా. రెండో గుండీ మీద ఒకటి తొంగి చూస్తోంది."

"నాకు రెండే కనపడ్డాయి."

"నీకు రెండు చాలు. మిగతావి నేను చూస్తాగా."

నెల తిరిగేసరికి చర్మం పాకి కోటు గుండీని పట్టుకుంది. దారాలు కత్తిరించి తీసేశారు. అయిదో నెలలో కోటు గుండీల అంచులు కనపడ్డం మానేశాయి. ఒకదాని మీద పదిహేడు, ఇంకోదాని మీద పన్నెండు. అప్పుడే చేపలాయన వచ్చాడు. టీ కోసం కాదు. ముఖం వేలాడేసుకుని చెప్పాడు, కొట్టులో తొట్టె వేడిచేసే కడ్డీ పాడైపోయి, అతని దగ్గరున్న ఈ జాతి మొత్తం పోయిందట. ఒక్క ముక్క ఇవ్వగలరా అని అడిగాడు. తొట్టెలోకి చూసి, "ఇదేంటి పెద్దమ్మా, బిళ్ళకి కన్నాలేంటి?" అన్నాడు. సంగతి విని నవ్వాడు. నవ్వి, మళ్ళీ వంగి చూసి, నవ్వు ఆపేశాడు.

"నాకు జిగురు సగం సార్లు ఊడిపోతుంది," అన్నాడు మెల్లిగా. "ఈ కుట్టు నాకు నేర్పుతారా?"

గుండీలావిడ వెంటనే ఒప్పుకోలేదు. అతన్ని కాసేపు నిలబెట్టింది. ఆ మాత్రం సరదా ఆవిడకి దక్కాలి. తరవాత బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ పరిపించి, తొడుగులు తొడిగించి, ముందు కూర్చోబెట్టుకుంది.

"కొయ్యడం, కుట్టడం నేను చూపిస్తా. ముల్లు సంగతి మాత్రం నన్నడక్కు," అంది. ఒక్క క్షణం ఆగి, తల ఎత్తి చెప్పింది. "నాకు కళ్ళు సరిగా కనపడవు. కార్ఖానా కూడా అందుకే మానేశా. ముల్లు మా పిల్ల చూస్తుంది."

ఆడబిడ్డ చేతిదీపం వెలిగించి, ఆవిడ భుజం మీదుగా వెలుగు పట్టింది. చేపలాయన సూదిలోకి దారం ఎక్కిస్తూ, తడి చేసుకుందామని కొస నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"నోట్లో పెట్టకూ!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.